చుక్క కదలని చోటు

2091 సెప్టెంబరు 8, శనివారం

మెరకరేవు విహార పడవల స్టేషన్. వెళ్ళిన పడవలు ముప్పై ఒకటి. వాటంతటవి తిరిగొచ్చినవి ముప్పై. ఒకదాన్ని తాడు కట్టి లాక్కొచ్చాం.

పొద్దున ఎప్పటి పనే. పడవల అడుగున చేరిన నీళ్ళు తోడించాను. పడవలకు దారి చూపే దారిపెట్టెల అద్దాలు కొంగలు పాడుచేస్తే తుడిచాను. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టుకున్నాను. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి కాబట్టి నీట మునిగిన ఊరి పాత రోడ్డు దాటి ఎవరూ పక్కకు పోవద్దని ప్రతి పడవకూ విడివిడిగా చెప్పాను. రోడ్డు మీద రెండు నిలువుల నీళ్ళు, ఏ భయమూ లేదు. పక్కకు తప్పితే అడుగున మునిగిన డాబాలు, ప్రహరీలు. ఈ నీళ్ళలో అవి కంటికి కనపడవు. దారిపెట్టె తెర మీద పచ్చ చుక్క రెండు నీలం గీతల మధ్య ఉన్నంతసేపూ మనం రోడ్డు మీద ఉన్నట్టే. ఇరవై రెండేళ్ళుగా నేనూ అందరికీ ఇదే చెబుతున్నాను.

గురువారం నుంచి, నీళ్ళ మధ్య కొత్తగా నిలబెట్టిన ఏడో నంబరు సిగ్నల్ స్తంభం పనిచేస్తోంది. గాలివల ఇప్పుడు చివరి దిబ్బ దాకా అందుతోంది. పడవల్లో కూర్చుని సినిమాలు చూస్తున్నారు, బంధువులకు నీళ్ళు చూపిస్తున్నారు. అందరికీ సంతోషంగా ఉంది, నాకూ ఉంది.

మధ్యాహ్నం మూడూ నలభైకి పేరిచర్ల సోమరాజు గారి తెరచాప పడవ దేనికో గుద్దుకుంది. ఆయనకు డెబ్బై ఒకటి. నేను ఈ ఉద్యోగంలో చేరకముందు నుంచీ శని ఆదివారాలు భార్య సుభద్ర గారిని కూర్చోబెట్టుకుని ఈ నీళ్ళ మీద తిరుగుతున్న మనిషి. చుక్కాని విరిగింది. సుభద్ర గారి కుడి మణికట్టు విరిగింది. మేం వెళ్ళేసరికి ఆవిడ ఏడవడం లేదు, ఆయన తన కండువాతో ఆ చేతికి కట్టు కడుతున్నారు.

"ఒరిగిన ట్యాంకు మీదకెక్కించాను తాయారూ" అన్నారు. "చుక్క మాత్రం రోడ్డు మధ్యలోనే ఉందమ్మా. ఒట్టు."

ఒరిగిన ట్యాంకు అంటే ఎప్పుడో కూలి పక్కకు వాలిన ఊరి నీళ్ళ ట్యాంకు. అది రోడ్డుకు నలభై మీటర్ల అవతల ఉంటుంది. దారిపెట్టె జ్ఞాపకంలో చూశాను. ఆయన పడవ రోడ్డు మధ్యలోంచి రవ్వంత కూడా తప్పలేదు.

సెప్టెంబరు 10, సోమవారం

వెళ్ళినవి తొమ్మిది. వచ్చినవి తొమ్మిది.

జలమార్గాల అధికారి ప్రభాకరం గారు ఫోన్ చేశారు. పడవ రోడ్డు మీదే ఉందని పెట్టె చెబుతోంది కాబట్టి ట్యాంకును గుద్దడం జరగని పని, ఏదో కొట్టుకొచ్చిన దుంగ తగిలి ఉంటుంది, పెద్దాయన కంగారులో ఏదో అంటున్నారు అన్నారు. చూపు పరీక్ష చేయించమన్నారు.

నాకు ఒక్కటే మింగుడు పడటం లేదు. జ్ఞాపకంలో ఉన్న గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. గాలి మీద నడిచే పడవ అంత తిన్నగా పోదు. ఎంత చేయి తిరిగినవాడు నడిపినా గీత కాస్త వంకర పోవాలి.

మెకానిక్ అబ్బులుతో పడవను గట్టు మీదకు లాగించి బోర్లించాను. అడుగున చెయ్యంత పొడవు గాటు. గాటులో సిమెంటు నలుసులు, వాటికి అంటుకుని నీలం రంగు పెచ్చులు.

అబ్బులు గోటితో గీకి వాసన చూశాడు. "దుంగకి నీలం సున్నం ఎవడేస్తాడక్కా? ఇది ట్యాంకు రంగే."

ఇద్దరం ట్యాంకు దగ్గరకు వెళ్ళి గెడతో తడిమాం. అంచు మీద నాచు ఒక చోట కొత్తగా చెక్కుకుపోయి ఉంది. సోమరాజు గారు అబద్ధం ఆడలేదు. ఆడింది ఆ చుక్కే.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి చెబుదామనుకున్నాను. గుమ్మంలోనే సుభద్ర గారి గొంతు వినిపించింది. "చూపు ఆనటల్లేదని ఒప్పుకోండి, తప్పేవుంది? నా చెయ్యి పోతే పోయింది, రేపు మీరు పోతే?" నేను లోపలికి వెళ్ళి నీలం పెచ్చుల పొట్లం బల్ల మీద పెట్టాను. ఆయన పొట్లం విప్పి ఒక పెచ్చు వెలుతురులో పెట్టి చూశారు.

"అయితే నాకు మతి పోలేదంటావా?" అన్నారాయన.

"లేదండి. ఎందుకిలా జరిగిందో ఇంకా తెలీదు. కనుక్కుంటాను."

చెప్పడమైతే గట్టిగానే చెప్పాను. దారిలో నడుస్తుంటే మాత్రం ఎలా కనుక్కోవాలో ఏమీ తోచలేదు.

సెప్టెంబరు 19, బుధవారం

వెళ్ళినవి పద్నాలుగు. వచ్చినవి పద్నాలుగు. రెండు పడవల వాళ్ళు అడుగు రాసుకుందని చెప్పారు. రెండూ ఏడో స్తంభం దగ్గరే.

ప్రభాకరం గారు పరీక్షకు వచ్చారు. గాలివల సంస్థ తరఫున ఇంజినీరు రెహానా వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడో స్తంభం బాధ్యత ఆమెదే. పడవను స్తంభం కాళ్ళకే కట్టేసి గంటసేపు కూర్చున్నాం. చుక్క ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు.

"చూశారుగా తాయారు గారూ" అన్నారు ప్రభాకరం గారు. "ఇంతకంటే దగ్గరగా ఎక్కడ చూస్తాం? పెట్టె బ్రహ్మాండంగా ఉంది."

నీలం పెచ్చుల సంగతి చెప్పినా పట్టించుకోకుండా, నడిపిన వ్యక్తి పొరపాటు అని నివేదిక రాశారు. సోమరాజు గారి పడవ అనుమతి నిలిపేశారు. పరీక్ష సాక్షిగా నేనూ సంతకం పెట్టాను. కళ్ళారా చూసిందే కదా, పెట్టనని ఎలా అంటాను?

అక్టోబరు 4, గురువారం

వెళ్ళినవి పదకొండు. వచ్చినవి పదకొండు.

ఈ రోజు రాయవలసింది చాలా ఉంది.

ఏడో స్తంభం దగ్గర ఒక పడవ మోటారు ఆగిపోతే అబ్బులూ నేనూ వెళ్ళాం. పడవలోని వాళ్ళను మా దాంట్లోకి ఎక్కించి రేవుకు పంపేశాను. చెడిపోయిన పడవలో మేమిద్దరం ఉండిపోయాం. అబ్బులు మోటారు విప్పి కూర్చున్నాడు. నాకు పనేమీ లేక అలా చూస్తున్నాను. పోటు తిరిగి పాటు మొదలైంది. నీళ్ళన్నీ సముద్రం వైపు లాగుతున్నాయి, వాటితో పాటు మా పడవ కూడా మెల్లగా కొట్టుకుపోతోంది. స్తంభం మా పక్క నుంచి వెనక్కు జరిగింది. ఆ తర్వాత పాత తుపాను షెల్టరు మెట్లు కూడా వెనక్కు జరిగాయి.

దారిపెట్టె వంక చూశాను. చుక్క కదలడం లేదు. ఉన్నచోటే పచ్చగా, స్థిరంగా ఉంది.

"అబ్బులూ, మనం ఎక్కడున్నాం?"

"షెల్టరు దాటేశాం కదక్కా."

"ఇది చూడు."

చూసి రెంచి కింద పడేశాడు. "ఇదేటక్కా, మనం ఇంకా స్తంభం దగ్గరే ఉన్నట్టు చెప్తంది?"

ఆ రోజు పరీక్షలో జరిగింది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అప్పుడు పోటు నిండి నీళ్ళు కూడా నిలిచి ఉన్నాయి. కట్టేసిన పడవ కదలదు. పెట్టెకు ఆకాశంలోని ఉపగ్రహాల మాట వినపడకపోయినా, కదలని పడవను కదలనట్టే చూపించింది. మేం దాన్ని మెచ్చుకున్నాం. పెట్టెకు ఉపగ్రహం మాట అందనప్పుడు అది ఊరుకోదు. పడవ నీళ్ళలో ఎంత వేగంగా పోతోంది, ముక్కు ఎటు ఉంది, ఈ రెండూ చూసుకుని అంచనా కడుతుంది. ఆ అంచనానే చుక్కగా చూపిస్తుంది. కింద నీరే మొత్తంగా పక్కకు జరిగిపోతుంటే దానికి తెలిసే దారి లేదు. సోమరాజు గారిని ఆ రోజు వరదనీరు పక్కకు నెట్టింది. పెట్టె మాత్రం తిన్నగా గీత గీసుకుంటూ పోయింది.

మోటారు బాగయ్యాక రేవుకు వెళ్ళలేదు. అదే పని ఐదుసార్లు చేశాం. స్తంభం దగ్గరకు వెళ్ళడం, మోటారు ఆపడం, కొట్టుకుపోవడం, షెల్టరు దగ్గర తాడుతో కొలవడం. ఐదుసార్లూ చుక్క కదల్లేదు. ఎక్కువలో ఎక్కువ తేడా తొంభై ఆరు మీటర్లు. ఆరో స్తంభం దగ్గర చేస్తే చుక్క మాతో పాటే బుద్ధిగా వచ్చింది.

అక్టోబరు 14, ఆదివారం

వెళ్ళినవి నలభై. వచ్చినవి నలభై. ఏడో స్తంభం వైపు పోవద్దని ప్రతివారినీ బతిమాలుతున్నాను. సగం మంది వింటున్నారు.

రెహానా తన సెలవు రోజున వచ్చింది. నేను రాసిన ఉత్తరం అందిందట. ఆఫీసులో చూపించకుండా సంచిలో పెట్టుకుని తెచ్చింది.

ఆమెను ఎక్కించుకుని స్తంభం దగ్గర మోటారు ఆపాను. ఆమె ఒకసారి తెర వంక, ఒకసారి దాటిపోతున్న షెల్టరు మెట్ల వంక చూసింది. రెండోసారి చూసినప్పుడు కొంగు గట్టిగా పట్టుకుంది.

"మా స్తంభం రూల్ తప్పలేదు తాయారు గారూ" అంది. "ఎంత బలంతో పంపమన్నారో అంతే పంపుతున్నాం. మా ఫ్రీక్వెన్సీ మాది. కాకపోతే ఉపగ్రహాలది మా పక్కదే. వాటి మాట ఇరవై వేల కిలోమీటర్ల నుంచి వస్తుంది. ఇక్కడికి చేరేసరికి గుసగుస. మైకు కింద నిలబడ్డప్పుడు వీధి చివర్నుంచి ఎవరో పిలిస్తే వినపడుద్దా? మీ పెట్టె పరిస్థితి అదే. మంచి పెట్టెలైతే పక్క గోల వడకట్టేస్తాయి. ఇవి చవకవి."

"మరి వినపడటం లేదని చెప్పచ్చు కదా అది?"

ఆమె నా వంక చూసి, పెట్టె మూత తీసి, తన ఫోన్ దానికి తగిలించింది. పావుగంట ఏదో చదువుకుంది.

"ఇదివరకు చెప్పేదే. ఆకాశం అందడం లేదని ఎర్ర అక్షరాలు వచ్చేవి. రెండేళ్ళ క్రితం తీసేశారు. విహారానికి వచ్చినవాళ్ళు భయపడుతున్నారని, మాటిమాటికీ మోగుతోందని ఫిర్యాదులు వచ్చాయట."

ఆ ఫిర్యాదుల్లో మా స్టేషన్‌ది కూడా ఒకటి ఉంది. ఆ కాగితం నేనే రాసినట్టు గుర్తు. అది ఇక్కడ రాసి పెడుతున్నాను.

"స్తంభం బలం తగ్గించు" అన్నాను.

"తగ్గించలేనండి. తేలే ఆసుపత్రి ఈ స్తంభం మీదే నడుస్తోంది. మొన్న మంగళవారం ఓ పిల్లకి పై ఊరి డాక్టరు ఈ గాలివల మీదే చూసి, నర్సుతో మందు వేయించాడు. ఆ ఐదు నిమిషాలు మా సిగ్నల్ లేకపోతే?"

ఆమె తప్పు మాట్లాడటం లేదు. దిగేటప్పుడు మాత్రం, "నేను చూసింది నా పేరుతో రాసిస్తాను. మా వాళ్ళు ఏం చేస్తారో తెలీదు" అంది.

అక్టోబరు 29, సోమవారం

వెళ్ళినవి ఆరు. వచ్చినవి ఆరు.

కొలతలతో నేను రాసిన ఉత్తరాలకు మూడు జవాబులు వచ్చాయి. స్తంభం అనుమతించిన బలంలోనే ఉందని గాలివల సంస్థ. పెట్టెకు ధ్రువపత్రం ఉందని పెట్టెల కంపెనీ. ఇద్దరి కాగితాలూ సరిగ్గా ఉన్నాయని ప్రభాకరం గారి కార్యాలయం. ఎవరిదీ తప్పు లేదు. ట్యాంకు మాత్రం అక్కడే ఉంది.

నవంబరు 12, సోమవారం

వెళ్ళినవి ఎనిమిది. వచ్చినవి ఎనిమిది.

కార్తీకం వచ్చేసింది. ఇరవై ఐదో తేదీ ఆదివారం ఉసిరిదిబ్బ మీద వనభోజనాలు. రెండు వందల పన్నెండు పడవలకు పేర్లు రాయించుకున్నారు. పున్నమి దగ్గర పడుతుంది కాబట్టి ఆ రోజు పాటు చాలా జోరుగా ఉంటుంది. తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. బస్సులు మునగని పై ఊళ్ళ నుంచి తొమ్మిదికి గానీ రావు. ఉసిరిదిబ్బకు ఉన్న ఒక్క దారి ఏడో స్తంభం పక్క నుంచే.

ప్రభాకరం గారి కార్యాలయానికి స్వయంగా వెళ్ళాను.

"వనభోజనాలు ఆపమంటారా? జనం నన్ను బతకనిస్తారా తాయారు గారూ?"

"ఆపమనటల్లేదండి. దారి చూసుకోనివ్వండి. రెండున్నర కిలోమీటర్ల మేర రోడ్డుకు అటూ ఇటూ గెడలు పాతుతాను. ఆ మేర దారిపెట్టెలకి గుడ్డ కట్టేస్తాను."

ఆయన కుర్చీలో వెనక్కు వాలారు. "ధ్రువపత్రం ఉన్న పెట్టెకి గుడ్డ కట్టించారని రేపు ఏదైనా జరిగితే, అది మీ మీదే పడుద్ది. నేను రాతపూర్వకంగా ఇవ్వను."

"మీరివ్వక్కర్లేదండి. నా సంతకం లేకుండా ఏ పడవా రేవు దాటకూడదని రూల్ ఉంది. అది చాలు నాకు."

ఈ ఉద్యోగం తప్ప నాకు ఇంకో పని రాదు. అయినా ఆ తేదీన నా సంతకంతో వెళ్ళేవాళ్ళు పద్నాలుగు వందల మంది.

నవంబరు 15, గురువారం

వెళ్ళినవి నాలుగు. వచ్చినవి నాలుగు.

సోమరాజు గారి దగ్గరకు వెళ్ళాను. రోడ్డు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ కల్వర్టు ఉందో గెడతో తడిమి చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ ముగ్గురే. అందులో ఒకరు కాలం చేశారు. ఇంకొకరికి నడుము లేవదు.

"నాకు అనుమతి లేదు కదమ్మా" అన్నారు.

"పడవ నడపడానికి లేదండి. నా పడవలో కూర్చుని రోడ్డు చూపించడానికి అనుమతి ఎవరిస్తారు, ఎవరాపుతారు?"

సుభద్ర గారు లోపలి నుంచి కట్టుతోనే వచ్చి ఆయన టోపీ తెచ్చి చేతిలో పెట్టారు. "ఎల్లండి. ఇంట్లో కూర్చుని నా మొహం చూస్తా ఎన్నాళ్ళుంటారు?" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "గెడలకి గుడ్డలు కావాలా? పాత చీరలున్నాయి" అన్నారు.

నవంబరు 22, గురువారం

వెళ్ళినవి, వచ్చినవి లేవు. స్టేషన్ మూసి గెడలు పాతుతున్నాం.

నూట అరవై గెడలకు నూట పదమూడు అయ్యాయి. సోమరాజు గారు ముందు పడవలో నిలబడి గెడతో అడుగు తడుముతారు. తారు తగిలితే ఒక చప్పుడు, మట్టి తగిలితే ఒక చప్పుడు. "ఇక్కడ" అంటే అబ్బులూ, మరో పది మంది పడవల వాళ్ళూ దించి పాతుతారు. దిబ్బకు వెళ్ళేటప్పుడు కుడి వైపు ఎర్రగుడ్డ, ఎడమ వైపు తెల్లగుడ్డ. సుభద్ర గారు ఎడమ చేత్తో కత్తెర పట్టుకుని, చీర అంచు పళ్ళతో పట్టి చించుతున్నారు. వరసగా ఐదో రోజు. నా అరచేతులు బొబ్బలెక్కి పెన్ను నిలవడం లేదు.

ప్రభాకరం గారి దగ్గర నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా జలమార్గంలో అడ్డంకులు పెడుతున్నందుకు సంజాయిషీ ఇవ్వాలట. మంగళవారం ఇస్తానని రాశాను.

నవంబరు 25, ఆదివారం

వెళ్ళినవి రెండు వందల పన్నెండు.

ఒక్కో పడవ దగ్గరా ఒకే మాట చెప్పాను. ఆరో స్తంభం దాటాక పెట్టెకు గుడ్డ కట్టండి. ఎర్రకూ తెలుపుకూ మధ్యన పోండి. షెల్టరు దాటాక గుడ్డ తీయండి. కొందరు నవ్వారు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి, "తెర లేకుండా ఎలా ఎల్తామండీ?" అని అడిగింది. "కళ్ళతో" అన్నాను. గుడ్డ కట్టనన్నవాళ్ళకు సంతకం పెట్టలేదు. పావుగంట గట్టు మీద అరిచి, చివరకు వాళ్ళే వచ్చి కట్టించుకున్నారు.

పదీ పదికి అందరికంటే చివర చిట్టెబ్బాయి పంటు బయలుదేరింది. బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ అది. నలభై ఆరు మంది, వంట గిన్నెలు, పొయ్యిలు. అబ్బులూ నేనూ వెనకాలే వెళ్ళాం. ట్యాంకు దగ్గర మొదటి నుంచీ మా చిన్న పడవ ఒకటి లంగరేసి ఉంచాను. అందులో సోమరాజు గారు కూర్చున్నారు, దాటే ప్రతి పడవకూ చెయ్యి ఊపుతూ.

పాటు నేను అనుకున్నదానికంటే జోరుగా ఉంది. గెడలు వంగి వణుకుతున్నాయి.

స్తంభం దాటిన కాసేపటికి పంటు నుంచి దారిపెట్టె గొంతు వినిపించింది. అంత గట్టిగా వినిపిస్తోందంటే గుడ్డ తీసేశారన్నమాట. "మీరు దారి తప్పారు. కుడికి తిరగండి. మీరు దారి తప్పారు." తెర ప్రకారం పంటు రోడ్డు దాటి ఎడమకు పోతోంది. పంటులో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో, "ఒరే చిట్టెబ్బాయ్, తిప్పరా, ముంచేత్తావా మమ్మల్ని?" అని అరిచారు. అతను గెడలను చూశాడు, తెరను చూశాడు. కుడికి తిప్పాడు. పంటు రెండు ఎర్రగెడల మధ్య నుంచి బయటకు వచ్చేసి, తిన్నగా ట్యాంకు మీదకు బయలుదేరింది.

"మోటారాపు! చిట్టెబ్బాయ్, ఆపు!" అని గొంతు చించుకున్నాను. నా మాట పెట్టె గోలలో కలిసిపోయింది.

అప్పుడు సోమరాజు గారు లేచారు. చెప్పులు విడిచారు. పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగారు. ఆయన మునగలేదు. ట్యాంకు అంచు మీద నిలబడ్డారు, మోకాలి లోతు నీళ్ళలో, రెండు చేతులూ చాచి.

పంటులో అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తెర మీద రెండు నిలువుల లోతున్న నడిరోడ్డు అది. అక్కడ డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి పంచె తడుపుకుని నిలబడి ఉన్నాడు.

చిట్టెబ్బాయి మోటారు వెనక్కు తిప్పాడు. నీళ్ళు మరిగినట్టు పొంగాయి. పంటు ముందు అంచు ఆయనకు మూడు బారల దూరంలో ఆగింది, వణికింది, వెనక్కు జరిగింది. అబ్బులు తాడు విసిరి అందుకున్నాడు. పంటును గెడల మధ్యకు లాగుతున్నంతసేపూ పెట్టె మాత్రం, "మీరు దారి తప్పారు" అంటూనే ఉంది. చివరకు ఒక ముసలావిడ లేచి తన కొంగు దాని మీద కప్పింది.

సోమరాజు గారిని పడవలోకి ఎక్కించాను. నాచు కోసుకుని పాదం రక్తం కారుతోంది.

"అలా దిగిపోయారేంటండీ? కాలు జారితే?"

"అక్కడుందని నాకు తెలుసు కదా తాయారూ" అన్నారు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "నా మాట నమ్మాలంటే ఇంకేం చెయ్యను?"

తిరిగొచ్చినవి రెండు వందల పన్నెండు. ఒక్కొక్కటీ నేనే వేలు పెట్టి లెక్కపెట్టాను. మూడుసార్లు.

నవంబరు 27, మంగళవారం

వెళ్ళినవి ఐదు. వచ్చినవి ఐదు.

పంటులో వాళ్ళు ఆయన నీళ్ళలో నిలబడటం, పక్కన తెర, రెండూ ఒకే బొమ్మలో పడేట్టు తీశారు. వంటలు ఉడికేలోపే అది గాలివల మీద పై ఊళ్ళకు కూడా చేరిపోయింది. ఆ స్తంభం పుణ్యమే.

ప్రభాకరం గారు వచ్చారు. నా సంజాయిషీ చేతికిచ్చాను. అందులో నా కొలతలు, రెహానా తన పేరుతో రాసిచ్చిన నివేదిక, ఆ రోజు పరీక్షలో నేను పెట్టిన సంతకం తప్పని నా ఒప్పుకోలు ఉన్నాయి. ఆయన నిలబడే చదివారు.

"ఆ రోజు పడవని కట్టేయమన్నది నేనే" అన్నారు. మా పడవలో కూర్చుని, మోటారు ఆపించి, స్తంభం నుంచి షెల్టరు దాకా కొట్టుకుపోయారు. తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

2092 ఫిబ్రవరి 6, బుధవారం

వెళ్ళినవి పదిహేడు.

జరిగినవి రాస్తున్నాను. తేలే ఆసుపత్రికి నీళ్ళ అడుగున తీగ వేశారు. అది పూర్తయ్యాక ఏడో స్తంభం నీళ్ళ వైపు బలం సగానికి తగ్గించారు. పూర్తిగా వేరే ఫ్రీక్వెన్సీకి మార్చడానికి ఏడాది పడుతుందట. సోమరాజు గారి అనుమతి తిరిగి వచ్చింది. సుభద్ర గారి చెయ్యి అతికింది గానీ పిడికిలి పూర్తిగా బిగియడం లేదు. రెహానాను పై ఊళ్ళో ఆఫీసుకు మార్చేశారు. అక్కడ నీళ్ళు కనపడవని ఫోన్‌లో చెప్పింది. నా మీద విచారణ ఇంకా ముగియలేదు. గెడలు మాత్రం తీయొద్దని ప్రభాకరం గారు కాగితం ఇచ్చారు, ఈసారి సంతకంతో.

పెట్టెల కంపెనీ మీద ఒత్తిడి వచ్చి నిన్న అన్ని పెట్టెలకూ కొత్త మార్పు పంపింది.

మధ్యాహ్నం రెండింటికి నలుగురు ఆడవాళ్ళున్న పడవ ఒకటి సగం దారిలోంచి తిరిగొచ్చేసింది. చుక్కాని పట్టుకున్నామె కోపంగా గట్టెక్కింది.

"పాడైపోయిన పెట్టె ఇచ్చారేంటండీ మాకు? ఏడో స్తంభం దాటగానే చుక్క మాయమైపోయింది. ఎర్రగా 'ఎక్కడున్నామో తెలియడం లేదు' అని వస్తంది."

"పాడవలేదమ్మా. ఇప్పుడే బాగుపడింది" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. పడవెక్కి పక్కన కూర్చున్నాను. చుక్కాని ఆమె చేతిలోనే ఉంచి స్తంభం దాకా వెళ్ళాం. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆమె చేతులు బిగిశాయి. కాసేపటికి ఆమె తెర వదిలేసి తల పైకెత్తింది. కళ్ళు చికిలించి నీళ్ళ మీదకు చూసింది.

"అదిగో, ఎరుపు" అంది. "అవతల తెలుపు."

పడవ ముక్కు మెల్లగా వాటి మధ్యకు తిప్పింది.

వచ్చినవి పదిహేడు.